బేరింగు ఈల

ఆ కారు మా షెడ్డుకు వచ్చిన రోజున మనుబోలు చుట్టుపక్కల ఎండాకాలపు ఎడగారు వరినాట్లు ఇంకా నడుస్తున్నాయి. ఏప్రిల్ నెల. పదకొండు గంటలకే హైవే మీద ఎండ కళ్ళలో పొడుస్తోంది. చిన్న లారీ మీద టార్పాలిన్ కప్పి తెచ్చారు దాన్ని. టార్పాలిన్ లాగేసరికి పక్క పంక్చర్ షాపులోవాళ్ళూ, టీకొట్టు దగ్గర లారీలు ఆపుకున్న డ్రైవర్లూ వచ్చి చుట్టూ మూగారు. పైకప్పు లేని రెండు సీట్ల ఇంగ్లీషు కారు. అరవై ఏళ్ళ కిందటిది. ముదురాకుపచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళ మీద వంగి అడుగుభాగం చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"దీంట్లో కూసుంటే రోడ్డు మీద గులకరాయి గూడా కనపడతాది," అన్నాడు.

కారు నరేంద్రబాబుగారిది. ఆయనకు సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ ఉంది, ఇల్లు నెల్లూరులో. ఆయన మేనమామ మద్రాసులో వాడిన కారు అది. మేనమామ పోయాక ఇరవై ఏళ్ళు ఒక గోడౌనులో పడి ఉంది. ఇంజన్ ఎప్పుడో బిగుసుకుపోయింది, దానికి సామాన్లు ఎక్కడా దొరకలేదు. అందుకని ఆయన చెన్నై పుదుపేటలో వెతికి వెతికి వేరే ఇంజన్ తెచ్చాడు. పాతది పదకొండు వందల సీసీ అయితే, ఇది రెండు వేలు. జూలై మొదటి ఆదివారం చెన్నైలో పాత కార్లన్నీ ఒకచోట చేరే పండగ ఉందట. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నెల్లూరు నుంచి అక్కడికి నడుపుకుంటూ వెళ్ళాలని ఆయన కోరిక. చిన్నప్పుడు మేనమామ పక్కన కూర్చుని మెరీనా రోడ్డు మీద తిరిగానని చెబుతున్నప్పుడు, యాభై ఏళ్ళ మనిషి ముఖం ఎలాగో అయిపోయింది.

ఇంజన్ ఎక్కించడానికి ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు గానీ, గేర్‌బాక్సు దగ్గరికి వచ్చేసరికి అందరూ మా నాయన పేరే చెప్పారట. అది మామూలే. కావలి నుంచి తడ దాకా లారీలు తోలేవాళ్ళకి గేర్‌బాక్సుల హజరత్తయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని మా జేజి ఆయనకు ఆ పేరు పెట్టింది. నాయన గేర్‌బాక్సు విప్పడానికి ముందే, లోపల ఏ చక్రం అరిగిందో, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను గేర్‌బాక్సు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు తగిలించి, కళ్ళు మూసుకునేవాడు. డ్రైవర్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. విప్పాక ఆయన చెప్పిందే ఉండేది.

నేను ఆయన ఒక్కతే కూతుర్ని, ఆనందకుమారిని. పాలిటెక్నిక్ చదివి, తడ దగ్గర ఒక కంపెనీలో రెండేళ్ళు కొలతల పని చేసి, ఆ పని నచ్చక షెడ్డుకే వచ్చేశాను. నాయనకు చెవి, నాకు కొలత. అలా ఆరేళ్ళుగా కలిసి పని చేస్తున్నాం.

నాయన నరేంద్రబాబుగారిని స్టూలు మీద కూర్చోబెట్టి సంగతి విడమరిచి చెప్పాడు. కారుతో వచ్చిన పాత గేర్‌బాక్సు కొత్త ఇంజన్ బలాన్ని మొయ్యలేదు, మొదటి ఎత్తు ఎక్కేసరికే గేరు పళ్ళు రాలిపోతాయి. కొత్త ఇంజన్‌తో పాటు వచ్చే గేర్‌బాక్సు బలంగానే ఉంటుంది గానీ, పొడవెక్కువ. దాన్ని పెడితే గేరు కర్ర మోచేతి వెనక్కి వస్తుంది, సీట్ల మధ్య రేకును కోసి పడెయ్యాలి. రేకు కొయ్యడమనేసరికి నరేంద్రబాబుగారు తల అడ్డంగా ఊపాడు. మామయ్య చెయ్యి వేసిన చోటే తన చెయ్యి పడాలన్నాడు.

"అట్టయితే మూడోదొకటి ఎతకాల," అన్నాడు నాయన. "దొరికినాక రెండిట్నీ కలపడానికి మధ్యలో ఒక ప్లేటు చెయ్యాల. ఆ ప్లేటు మా పాప చేస్తాది."

ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు ఆయన. చూడాల్సిన అవసరం లేదన్నట్టు అన్నాడు. నాకు ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మూడో గేర్‌బాక్సు నెల్లూరు ఆటోనగర్‌లో, తుక్కుకు పోయిన ఒక చిన్న వ్యాను కింద దొరికింది. ఐదు గేర్లది. సన్నగా ఉంది, కారు మధ్య రేకు కింద సరిగ్గా ఇమిడింది, గేరు కర్ర కూడా రావలసిన చోటికే వచ్చింది. కానీ దాని మూతికీ ఇంజన్ మూతికీ ఒక్క బోల్టు రంధ్రం కూడా కలవదు. అందుకే రెండింటి మధ్యకు ఇరవై మిల్లీమీటర్ల మందాన అల్యూమినియం ప్లేటు కావలసి వచ్చింది. ఒక వైపు రంధ్రాలు ఇంజన్‌కు, ఇంకో వైపువి గేర్‌బాక్సుకు. రంధ్రాలు ఎవరైనా వేస్తారు. ఇంజన్ నడిమధ్య, గేర్‌బాక్సు నడిమధ్య ఒకే గీత మీద నిలబడాలి. వెంట్రుకలో సగం పక్కకు జరిగినా, లోపలికి వెళ్ళే షాఫ్టు వంకరగా తిరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉండే ముందు బేరింగు కొన్నాళ్ళు ఈలేసి, తర్వాత ముక్కలవుతుంది.

గీతలు నేనే గీశాను. గూడూరులో అమీర్ బాషాగారి లేతు మిషను మీద పని. ఆయన అరవై దాటిన మనిషి, తొందర తెలియదు. మొదటి ప్లేటు పారేశాం. రెండోది ఆయనకు నచ్చింది గానీ నాకు నచ్చలేదు. మూడోదాన్ని ఇంజన్‌కు బిగించి, డయల్ గేజి పెట్టి తిప్పితే, ముల్లు మిల్లీమీటరులో నూరో వంతులు నాలుగు చూపించింది. ఐదు దాకా పర్వాలేదు. మళ్ళీ తిప్పాను, ఆరు చూపించింది. ఇంకోసారి తిప్పితే నాలుగు. గేజి స్టాండు కదిలిందేమోననుకున్నాను. బాషాగారు సరిగ్గా ఉందమ్మా అన్నారు. నేనూ సరిగ్గా ఉందనే రాసుకున్నాను. కానీ ఆ ఆరు అంకె మాత్రం నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నేను ఇలా గూడూరు చుట్టూ తిరుగుతున్న రోజుల్లోనే, ఇక్కడ నాయన గేర్‌బాక్సు విప్పి, డీజిలుతో కడిగి, అరిగిన చక్రాలు మార్చి మళ్ళీ కూర్చాడు. ముందు బేరింగు కొత్తది ఆ సైజులో దొరకలేదు. ఉన్నదాన్నే కడిగి, చెవి దగ్గర పెట్టుకుని గిర్రున తిప్పి చూసి, బాగానే ఉందని పెట్టేశానన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన బేరింగులు చూసేది అలాగే. దాని మీద నాకు రెండో ఆలోచన రాలేదు.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. మా అమ్మ వెంకటశేషమ్మ చేపల పులుసు దించి, గిన్నె మీద మూత పెట్టి, నన్ను పెరట్లోకి రమ్మంది. నాయన వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నాలుగు నెల్లుగా చూస్తా ఉండాను," అంది అమ్మ. "కుక్కరు ఈలేస్తే మీ నాయనకు ఇనపడటంల్యా. పక్కనే కూసోనుంటాడు, తలకాయ గూడా తిప్పడు."

నాకు కూడా తెలుసునని అప్పుడు తెలిసింది. ఫోను మోగితే నాకిస్తున్నాడు. మగవాళ్ళు మాట్లాడితే సరిగ్గా బదులిస్తాడు, నేను మాట్లాడితే నా పెదాలు చూస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. బొంగురు శబ్దాలు వినబడుతున్నాయి, సన్ననివి పోయాయి. నలభై ఏళ్ళు ఇనుము మీద ఇనుము కొట్టిన చెవులు. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను, ఒకచోట పెట్టి చూడలేదు, అంతే.

డాక్టరు దగ్గరికి తీసుకుపోదామన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముందు ఈ కారు పని కానీ. నువ్వు ఎవురికీ చెప్పబాకు. చెవులు పోయిన మేస్త్రీ కాడికి ఎవురొస్తారు? ఆయనతో గూడా అనబాకమ్మా. తట్టుకోలేడు."

సరేనన్నాను. తర్వాత ఇద్దరం లోపలికి వచ్చి ఆయనకు వడ్డించాం. ముల్లు తీసి పెడుతుంటే, నేనేమన్నా పసిబిడ్డనా అని నవ్వాడు.

జూన్ మొదటి వారంలో కారు కదిలింది. వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టును కురచ చేయించి, క్లచ్చి సరిచేసి, పొద్దున ఏడు గంటలకు షెడ్డులోంచి బయటికి తీశాం. నేను నడిపాను. నాయన పక్క సీట్లో కూర్చున్నాడు. వెంకటాచలం దాటి ముత్తుకూరు వైపు, పోర్టుకు పోయే రోడ్డు ఎక్కాం. రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిల్లో గాలి కోసం తిరిగే చక్రాల నురగ. పైకప్పు లేదు కాబట్టి సముద్రపు గాలి నేరుగా ముఖానికి తగులుతోంది. కాలు కాస్త నొక్కితే చాలు, కారు ముందుకు దూకుతోంది. నాయన తువ్వాలు తలకు కట్టుకుని, కుడిచెయ్యి గేరు కర్ర పక్కన రేకు మీద పెట్టి, అదురును అరిచేత్తో చూస్తున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

నాలుగో గేరులో అరవై దాటాక వినిపించింది నాకు. ఇంజన్ చప్పుడు కింద, గాలి చప్పుడు కింద, చెవి దగ్గర దోమలా ఒక సన్నని ఈల. కాలు తీస్తే తగ్గింది. నొక్కితే వచ్చింది. రోడ్డు పక్కన ఆపి, గేరు తీసేసి, ఇంజన్ మాత్రం తిరగనిచ్చాను. చాలా సన్నగా ఉంది, కానీ ఉంది. క్లచ్చి పెడలు తొక్కితే పోయింది. వదిలితే మళ్ళీ వచ్చింది. ఇంకేం ఆలోచించాల్సిన పని లేదు. ముందు బేరింగు. అయితే ఆ బేరింగన్నా చెడిపోయి ఉండాలి, లేదా దాన్ని వంకరగా తిప్పుతున్న నా ప్లేటన్నా తప్పయి ఉండాలి.

"ఎట్టుండాది పాపా?" అన్నాడు నాయన.

ఏ బండి చూసినా చివర్లో ఆ మాట అడుగుతాడు. నా జవాబు విన్నాకే చేతులు కడుక్కుంటాడు. ఆ రోజు ఆయన నా ముఖంలోకి, నా పెదాల్లోకి చూస్తున్నాడు.

"బాగుంది నాయనా," అన్నాను.

ఆయన తల ఊపి, తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. అక్కడ తాటిముంజలు అమ్ముతుంటే కొనుక్కుని, కారు దిగకుండానే ఇద్దరం తిన్నాం.

అమ్మకు ఇచ్చిన మాట కోసమే అలా అన్నానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఆయనకు వినపడనిది నాకు వినపడిందంటే, ఇక ఆయన చెవుల సంగతి దాగదు. అది నిజమే. కానీ ఆ నిజం వెనక ఆరు అంకె కూడా ఉంది. గేర్‌బాక్సు దించితే ప్లేటు కొలుస్తారు. మా పాప చేస్తాదని ఆయన అన్న మాట తప్పయిపోతుంది. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు సీట్లు కుట్టేవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత రంగు వేసేవాళ్ళు తీసుకుపోయారు. రోజులు జరిగేకొద్దీ, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి చేరింది.

జూన్ ఇరవైన నరేంద్రబాబుగారు కారు తీసుకుపోవడానికి వచ్చాడు. హైవే మీద గూడూరు దాకా వెళ్ళి వచ్చి, కళ్ళ నీళ్ళతో నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నాయన టీ చెప్పడానికి కొట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"కుమారీ, స్పీడుగా పోతే సన్నగా ఏదో సౌండు వస్తా ఉంది. నా భ్రమా?"

నేను చేతిలో పానా తుడుస్తున్నాను. తుడుస్తూనే చెప్పాను.

"కొత్తగా కూర్చిన చక్రాలు కదా సార్. తిరిగేకొద్దీ సర్దుకుంటాది."

"అంతేనా?"

"అంతే సార్."

ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికి ఏముంది, హజరత్తయ్య కూతుర్ని నేను. టీ తాగి, చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు. ఆ ఆకుపచ్చ కారు లారీల మధ్య నుంచి పాకుతూ నెల్లూరు వైపు పోతుంటే, నాయన కనుచూపు ఆనినంత దూరం నిలబడి చూశాడు.

జూలై మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోను వచ్చింది. నాయుడుపేట దాటాక, దొరవారిసత్రానికి కాస్త ఇవతల. నరేంద్రబాబుగారే చేశాడు. ఎనభై మీద పోతుంటే కింద నుంచి ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడయిందట, వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయట. కారు రెండు చుట్లు తిరిగి, రోడ్డు మధ్య ఇనుప కమ్మీని కొట్టుకుని ఆగింది. వెనకాల లారీ లేకపోబట్టి బతికాం అన్నాడు. ఆయనకు దెబ్బలు పెద్దగా లేవు. భార్య సుప్రియగారు ముందు రేకుకు చేతులు ఆనించింది, కుడిచేతి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

నేను ఆ మాటలన్నీ నాయన ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్కటిగా చెప్పాను. ఆయన ఇంకోసారి చెప్పమనలేదు.

మూడో రోజు అదే చిన్న లారీ మీద కారు షెడ్డుకు వచ్చింది. గేర్‌బాక్సు నాయన ఒక్కడే దించాడు, నన్ను సాయం పిలవలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మూత తీసి, లోపల నుంచి ముందు బేరింగు ముక్కలు ఏరి, పాత పేపరు మీద వరసగా పెట్టాడు. బేరింగు ఇనుప గుళ్ళను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. వాటి మీద మశూచి మచ్చల్లా గుంటలు. అవి ఈ పదిహేను రోజుల్లో పడ్డవి కావు, వ్యానులో ఉన్నప్పటి నుంచీ ఉన్నవి. కడిగి, చెవి దగ్గర తిప్పినప్పుడు గరగరమని ఉండాలి. ఆయనకు వినబడలేదు.

లేచి, నా డయల్ గేజి తీసుకుని ఇంజన్ వైపు వెళ్ళి, నాకు వీపు పెట్టి ఏదో చూసుకున్నాడు. తర్వాత పేపరు మడిచి జేబులో పెట్టుకుని, నెల్లూరు పోదాం పద అన్నాడు.

సుప్రియగారు పళ్ళ డాక్టరు. నెల్లూరులో ఆమెకు సొంత ఆస్పత్రి ఉంది. ఆ సంగతి మాకు ఆ రోజే తెలిసింది. ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది, మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా కట్టు. వేళ్ళు వాచి, తెల్లగా ఉన్నాయి. నరేంద్రబాబుగారు కూర్చోమన్నాడు. నాయన కూర్చోలేదు. జేబులోంచి పేపరు తీసి, బల్ల మీద విప్పి, బేరింగు ముక్కలు చూపించాడు.

"ఇది పోయిన బేరింగమ్మా. నేనే చూసి పెట్టినా. నా చెవులు పొయినాయి. పొయినట్టు నాకే తెలవలా. తెలిసినోళ్ళు ఎవురన్నా ఒకసారి ఇనుంటే దించేసుండేవోణ్ణి. నడిపిన మా పాపకు గూడా ఏం ఇనపళ్ళా. తప్పు నాది."

నరేంద్రబాబుగారు ముక్కల వైపు చూడలేదు. నేల చూస్తూ, నెమ్మదిగా అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అలిసిపోయి ఉంది.

"నాకు వినపడింది హజరత్తయ్యా. బండి తీసుకున్న రోజే కుమారిని అడిగా. సర్దుకుంటాదని చెప్పింది."

ఆయన తల వంచుకుని మాట్లాడడంతో నాయనకు పెదాలు కనబడలేదు. అలవాటుగా నా వైపు తిరిగాడు.

"ఏమంటుండారు సారు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సుప్రియగారు నన్నే చూస్తోంది. ఆయనకు వినపడనివన్నీ అప్పటికి నెల పైగా నేనే మళ్ళీ చెబుతున్నాను. ఇది కూడా నేనే చెప్పాలి. మామూలుగా చెబితే వినపడదు, గట్టిగా చెప్పాలి.

"సారుకి సౌండు వినపడిందంట," అన్నాను. "నన్ను అడిగినారంట. సర్దుకుంటాదని నేను చెప్పినానంట."

చెప్పి, మళ్ళీ అన్నాను, "చెప్పినాను."

నాయన నా పెదాల మీది నుంచి కళ్ళు తీసి, నా కళ్ళలోకి చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత పేపరును మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు. సుప్రియగారు ఎందుకమ్మా అట్లా చెప్పావని అడిగింది. తిట్టినట్టు కాదు, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను ఆమె వాచిన వేళ్ళ వైపు చూశాను. నాయన ఆమెకు రెండు చేతులూ జోడించి, కారును మళ్ళీ సరిచేసి ఇస్తానని నరేంద్రబాబుగారితో చెప్పి, బయటికి నడిచాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. మనుబోలు దాకా ఆయన కిటికీ బయటికే చూశాడు. ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాక అడిగాడు.

"ఎప్పుడు ఇనపడింది నీకు?"

"పోర్టు రోడ్డు మీద పోయినామే, ఆ రోజే."

"బాగుందన్నావే నాతో."

అమ్మ అడ్డం వచ్చింది. దాన్నేమీ అనబాకు, నేనే చెప్పొద్దన్నానని ఏడ్చింది. నాయన ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగి, నా వైపే చూస్తూ అన్నాడు.

"అమ్మ నా చెవుల సంగతి చెప్పొద్దన్నాది. బేరింగు సంగతి చెప్పొద్దన్నాదా?"

అప్పుడు చెప్పాను. డయల్ గేజి ముల్లు ఒకసారి ఆరు చూపించిందనీ, ప్లేటు తప్పయి ఉంటుందని భయపడ్డాననీ, మా పాప చేస్తాదని నువ్వు అన్న మాట పోతుందని అనుకున్నాననీ. చివరి మాటలు నేల చూస్తూ చెప్పాను. ఆయనకు ఎంత అందిందో తెలియదు.

"ప్లేటు ఈ పొద్దున నేను కొలిచినా," అన్నాడు. "సరిగ్గా ఉండాది. దాంట్లో ఏం తప్పుల్యా."

లేచి స్నానానికి వెళ్ళాడు. ఆ మాట నాకు ఊరటగా ఉండాలి. కానీ లేదు. ఆ రోజు ముత్తుకూరు రోడ్డు మీద నోరు విప్పి ఉంటే, రెండు రోజులు బండి దించి, ఒక బేరింగు మార్చి, నా ప్లేటు బాగుందని ఆయన నోటనే విని ఉండేదాన్ని.

ఆగస్టు ఆఖరుకు కారు మళ్ళీ తయారయింది. బేరింగులన్నీ కొత్తవే వేశాం, ఆ సైజు కోసం నేను కోయంబత్తూరు దాకా వెళ్ళి వచ్చాను. నరేంద్రబాబుగారు వచ్చి, నడిపి చూసి, బాగుందన్నాడు. కానీ ఆ ముఖం ఏప్రిల్ నెలలో చూసిన ముఖం కాదు. సుప్రియగారు ఆ కారు మళ్ళీ ఎక్కలేదని విన్నాను. కట్టు విప్పాక చెయ్యి కదులుతోంది గానీ, సన్నని పనిముట్టు పట్టుకుంటే వణుకుతోందట. పళ్ళు పీకడానికీ, కుట్లు వెయ్యడానికీ వేరే డాక్టరును పెట్టుకుంది. కారు హేచరీ షెడ్డులో, రొయ్యల మేత బస్తాల పక్కన, గుడ్డ కప్పి ఉంది. కింద నుంచి ఉప్పుగాలికి తుప్పు పడుతుందని చెప్పి, ఒకసారి వెళ్ళి గ్రీజు పూసి వచ్చాను. అప్పుడు ఆమె కనబడలేదు. కనబడి ఉంటే, ఆమె అడిగినదానికి జవాబు చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు.

నాయనను నెల్లూరులో చెవుల డాక్టరుకు చూపించాం. రెండు చెవులకూ మిషన్లు ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుంటాడు. షెడ్డులో సుత్తి దెబ్బ పడితే తల పగిలిపోతున్నట్టుందని తీసి డబ్బాలో పెడతాడు. నా మీద కోపంగా లేడు. అన్నం దగ్గర మాట్లాడతాడు, ఊళ్ళో సంగతులు చెబుతాడు, నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నాడు. పనిలో కూడా ఏది కావాలన్నా నన్నే అడుగుతాడు. బండి చూడడం అయ్యాక, ఎట్టుండాది అని మాత్రం అడగడు. ఆయనే అరిచెయ్యి ఆనించి చూసుకుని, చేతులు కడుక్కుంటాడు.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. ఎడగారు పంట కోసిన మళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. ఒక పొద్దున బిట్రగుంట నుంచి ఓబులేసు అని కంకర లారీ డ్రైవరు వచ్చాడు. పాత మనిషే, కానీ సంవత్సరంగా ఇటు రాలేదు. ఇంజన్ ఆపకుండా దిగి, మూడో గేరులో ఏదో కూస్తోందనీ, ఒకసారి విని చెప్పమనీ నాయనను అడిగాడు. నాయన అతని పెదాలు చూసి అర్థం చేసుకుని, నన్ను చూపించాడు.

"నాకు ఇనపడదు ఓబులేసూ. మా పాపకు ఇనపడతాది," అన్నాడు. కాస్త ఆగి, ఆయిల్ నెంబరు చెప్పినంత మామూలుగా, "చెప్తాదో ల్యాదో మాత్రం నాకు తెలవదు," అన్నాడు.

ఓబులేసు అదేదో తండ్రీ కూతుళ్ళ వేళాకోళమనుకుని నవ్వాడు. నేను లారీ కిందికి దూరాను. వాన నీళ్ళు వీపుకు తగులుతున్నాయి. క్లచ్చి తొక్కమన్నాను, వదలమన్నాను, మళ్ళీ తొక్కమన్నాను. ఎక్కువసేపు పట్టలేదు. బయటికి వచ్చి నిలబడి, "ముందు బేరింగు పోయింది. ఇప్పుడే దించాల," అని గట్టిగా, షెడ్డంతా వినపడేంత గట్టిగా చెప్పాను.

ఓబులేసు సరేనని ఇంజన్ ఆపాడు. నాయన అప్పటికే మా వైపు వీపు పెట్టి, పైపు కింద చేతులు కడుక్కుంటున్నాడు.